అడవిపిల్ల సంపెంగ

ఖాదర్ వలి ఒక్క ఊపున ఆ మనిషి చేతిలో పుస్తకం లాగేసుకున్నాడు.

“ఇది ఆడపిల్లలు వచ్చే కొట్టు. ఇంకోసారి ఈ గుమ్మం ఎక్కావంటే బాగుండదు చెబుతున్నా.”

“నేనేం చేశాను సాయిబుగారూ?”

“ఏం చేశావా? నా కళ్ళతో చూశాను. బొమ్మ మీద చెయ్యేసుకుని కూర్చున్నావు. నీ వయసేంటి, ఆ పనేంటి?”

ఆ మనిషి పేరు తోమా. మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడు. నలభై దాటాయి. కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి, ఎప్పుడూ నీళ్ళు కారుతుంటాయి.

బ్రాడీపేటలో ఖాదర్ వలిది పుస్తకాలు అద్దెకిచ్చే కొట్టు. చుట్టూ కోచింగ్ సెంటర్లు, ఆడపిల్లల హాస్టళ్ళు. ఆ రోజుల్లో అక్కడ నవలలకన్నా ఎక్కువ తిరిగేది ఒక బొమ్మల పుస్తకం, ‘అడవిపిల్ల సంపెంగ’. నెలనెలా వచ్చేది.

పులితోలు చుట్టుకుని, ఊడలు పట్టుకుని ఊగుతూ, వేటగాళ్ళని తరిమికొట్టే పిల్ల సంపెంగ. ఏనుగులు ఆమె మాట వింటాయి. పులి ఆమె పక్కన పడుకుంటుంది.

హాస్టల్ పిల్లలు ఫిజిక్స్ గైడులో దాచుకుని మరీ చదివేవాళ్ళు. వాళ్ళలో తేజశ్రీ ముందుండేది. పెదనందిపాడు వైపు పత్తి రైతు కూతురు. డాక్టర్ని చేయాలని వాళ్ళ నాన్న తెచ్చి హాస్టల్లో పడేశాడు.

తోమా మొదట వచ్చింది వాన పడుతుంటే. తలదాచుకోవడానికి కొట్టు చూరు కింద నిలబడ్డాడు. తీగకి వేలాడుతున్న సంపెంగ అట్టబొమ్మ కంటపడింది.

వాన వెలిసినా కదల్లేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చేవాడు. బల్ల చివర కూర్చుని ఒక్కో బొమ్మా చూసేవాడు. చదువు రాదు.

“అమ్మా, చివరి పేజీ కాస్త చూసి చెప్పు. పిల్లకేం కాలేదుగా?” అని తేజశ్రీని అడిగేవాడు.

“సంపెంగకేం కాదండీ. ఆమెకి చావు లేదు.”

ఆ మాట విన్న రోజు తోమా చాలాసేపు తనలో తనే నవ్వుకున్నాడు.

“నీకెందుకమ్మా ఆ పిల్లంటే అంతిష్టం?”

తేజశ్రీ వీధి చివర హాస్టల్ వైపు చూసింది.

“ఆమెని ఎవరూ ఆరింటికల్లా గేటు లోపలికి రమ్మనరు కదండీ. మరి మీకెందుకిష్టం?”

తోమా ఏదో చెప్పబోయాడు. మళ్ళీ బొమ్మ మీదికి తల వంచాడు.

“ఊరికేనమ్మా.”

తేజశ్రీ స్నేహితురాలు భవ్య మూతి తిప్పింది.

“ఊరికేనంట! ఆ పులితోలు బట్టల కోసం వస్తున్నాడే బాబూ. పిచ్చిదానా, మాట్లాడకు అతనితో.”

ఆ మాట పిల్లల్లో పాకింది. ఖాదర్ వలి చెవిన పడింది. అతనూ ఓ కన్నేసి ఉంచాడు.

ఆ ఆదివారం తోమా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, సంపెంగ బొమ్మ మీద మెడ కింద నుంచి మోకాళ్ళ దాకా అరచెయ్యి పరిచి, అలాగే చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడే ఖాదర్ వలి పుస్తకం లాక్కున్నది.

తోమా తేజశ్రీ వైపు చూశాడు. ఒక్క మాట చెబుతుందేమోనని.

తేజశ్రీ తల దించుకుంది.

తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయాడు.

తర్వాత కొన్ని ఆదివారాలు రోడ్డుకి అవతల టీకొట్టు దగ్గర నిలబడేవాడు. అక్కణ్ణించే అట్టబొమ్మ చూసేవాడు. అది గమనించి ఖాదర్ వలి అట్టబొమ్మలు లోపల వేలాడదీశాడు.

ఇక తోమా కనబడలేదు.

మరుసటేడు సంపెంగ కూడా ఆగిపోయింది. ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చింది. బొమ్మల పుస్తకాలు అడిగేవాళ్ళు లేరు. ఖాదర్ వలి బీరువా ఖాళీ చేసి ఎంసెట్ గైడ్లు పెట్టాడు.

తేజశ్రీ గైడు కోసం వచ్చిన ఓ సాయంత్రం, తెల్లచీర కట్టుకున్న ఒకామె గుమ్మం ముందు నిలబడింది.

“సాయిబుగారూ, నా పేరు పున్నమ్మ. తోమా భార్యని. సంపెంగ పుస్తకం ఒకటి ఉంటే ఇప్పించండి. చిరిగిందైనా పర్లేదు.”

ఖాదర్ వలి మొహం చిట్లించాడు.

“ఇప్పుడు నిన్ను పంపాడా?”

“ఆయన పోయాడు బాబూ. ఆయాసంతో. పూడ్చేప్పుడు పెట్టెలో ఆయన పక్కన పెడదామంటే అప్పుడు దొరకలా. ఇప్పుడు నా దగ్గరన్నా ఉంటుందని వచ్చా.”

ఖాదర్ వలి గొంతు తగ్గింది.

“లేవమ్మా. అన్నీ తూకానికి అమ్మేశాను. బజ్జీల బండివాడు పట్టుకుపోయాడు.”

“ఒక్క కాయితమైనా లేదా?”

“లేదమ్మా.”

పున్నమ్మ మెట్టు మీద కూలబడింది. తేజశ్రీ వచ్చి పక్కన కూర్చుంది.

“ఆ పుస్తకం ఎందుకమ్మా మీకు?”

“మేం ముందు వాడరేవులో ఉండేవాళ్ళం తల్లీ, చేపలు ఎండేసుకుంటా. బొమ్మలు గీసే ఆయనొకాయన వచ్చి మా మహిమని పడవ పక్కన నిలబెట్టి గీసుకుపోయాడు. ఆ ఏడే జ్వరమొచ్చి పిల్ల పోయింది. ఫోటో అన్నది ఒక్కటీ తీయించలా.”

ఖాదర్ వలి బల్ల వెనక నుంచి లేచి గుమ్మం దాకా వచ్చాడు.

“మరి నాతో ఒక్క మాట చెప్పలేదేమమ్మా?”

పున్నమ్మ తలెత్తి అతని వైపు చూసింది.

“ఎట్టా చెబుతాడు బాబూ, ఆ బట్టల్లో ఉన్న పిల్లని చూపించి ఇది నా కూతురని ఏ తండ్రి చెప్పుకుంటాడు?”