ఎనిమిది డాష్ నలభై రెండు

వడగళ్ళు ఆగేసరికి ప్రేమ్ కిరణ్‌కి తిరువూరు కనిపించకుండా పోయింది.

రోళ్ళు పగలాల్సిన రోహిణి కార్తె. మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగిన ఆకాశం ఉన్నట్టుండి నల్లబడి అరగంటసేపు రాళ్ళు విసిరింది. టీ కొట్టు రేకుల కింద చెవులు మూసుకుని నిలబడ్డ ప్రేమ్ కిరణ్ తల బయటపెట్టి చూశాడు. వీధి వీధంతా కల్లుప్పు ఆరబోసినట్టు తెల్లగా ఉంది. కుర్రాళ్ళు అప్పుడే ఫోన్లు పట్టుకుని కాశ్మీరు వీడియోలు తీసేస్తున్నారు.

ప్రేమ్ కిరణ్ సోషల్ మాస్టారు. ప్రపంచ పటంలో అలాస్కా ఎక్కడుందో కళ్ళు మూసుకుని చూపిస్తాడు. ఇప్పుడు రెండు కళ్ళూ తెరుచుకుని కూడా గ్లోరి టీచర్ ఇల్లు ఎటుందో తేల్చుకోలేకపోతున్నాడు.

గుర్తంటూ ఉన్నది ఒక్కటే, గేటు మీద విరగబూసిన కాగితప్పూల తీగ. వడగళ్ళ దెబ్బకు ఆ చుట్టుపక్కల ఏ తీగకూ పువ్వు మిగల్లేదు. ఫోను చేద్దామంటే దాన్ని ఛార్జింగులో పెట్టి మరిచిపోయి వచ్చాడు. జేబులో తలనొప్పి బిళ్ళలున్నాయి. అక్కడ గ్లోరి తల పట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుంది.

అదృష్టం, డోర్ నంబరు గుర్తుంది.

"ఎనిమిది డాష్ నలభై రెండు ఎక్కడండీ?" అని టీ కొట్టు దేవానందాన్ని అడిగాడు.

"ఏ నలభై రెండు?"

"ఎన్నున్నాయేంటి?"

బేరాలు లేక తీరిగ్గా ఉన్న దేవానందం గ్లాసు కింద పెట్టాడు.

"నలభై ఒకటి పక్కన నలభై రెండు ఉంటదనుకునేరు. ఇక్కడ నంబర్లు ఇల్లు కట్టిన వరసలో పడ్డాయండీ, ఇల్లున్న వరసలో కాదు. అన్నదమ్ములు విడిపోతే నంబరూ విడిపోద్ది, బై వన్, బై టూ అని. ఒకాయనైతే అచ్చొచ్చిన నంబరని పలక పీక్కెళ్ళి ఊరి చివర కొత్తింటికి కొట్టుకున్నాడు. ఇంతకీ ఎవరిల్లు కావాలి?"

"గ్లోరి టీచర్‌ది."

"కొత్తగా వచ్చినావిడా? ఆవిడ మీకేమవుద్ది?"

నిజం చెప్పడానికి నోరు రాలేదు. చెబితే వీధంతా నవ్వుతుంది. చెప్పకపోతే వీధంతా అనుమానిస్తుంది. నవ్వు కంటే అనుమానమే నయమనిపించింది.

"తెలిసినవాళ్ళం" అన్నాడు.

దేవానందం అతన్ని పైనుంచి కిందికి చూశాడు. చెయ్యి గాల్లో రెండు వంకలు తిప్పి, "ఇలా పోయి అలా" అన్నాడు.

ఇలా పోయి అలా తిరిగితే నలభై ఒకటి దొరికింది. దాని పక్కన నూట ఏడు. ఎదురుగా పదమూడు. ఒక్కో గోడ మీద మూడేసి నంబర్లు: పాతది, కొత్తది, పోలియో చుక్కల వాళ్ళు సుద్దముక్కతో రాసిపోయింది. ఏది అసలుదో ఇంటివాళ్ళకే తెలియాలి. వడగళ్ళ మీద కాలు జారినప్పుడల్లా ప్రేమ్ కిరణ్ "అక్షాంశాలట, రేఖాంశాలట" అని తనను తానే తిట్టుకున్నాడు. నలభై రెండు బై వన్ తలుపు తడితే లోపల్నుంచి సమాధానం వచ్చింది.

"మాది బై వన్. వాళ్ళతో మాకు మాటల్లేవు."

మూడోసారి అదే మలుపు తిరిగేసరికి, చెట్టు కింద రాలిన మామిడికాయలు ఏరుకుంటున్న ఒక పెద్దావిడ నడుం నిటారుగా చేసింది. పేరు అంతోనమ్మ. ఆ వీధికి సీసీ కెమెరా ఆవిడే.

"ఎవరు బాబూ నువ్వు? ఇందాకట్నించీ ఇళ్ళల్లోకి తొంగి చూస్తున్నావ్?"

"గ్లోరి టీచర్ ఇల్లండీ. తలనొప్పి బిళ్ళలు ఇవ్వాలి."

"ఆవిడకి తలనొప్పని నీకెవరు చెప్పారు?"

పాదాల కింద మంచు. అయినా ప్రేమ్ కిరణ్‌కి చెమట పట్టింది.

"పన్నెండేళ్ళ పరిచయమండీ."

"పన్నెండేళ్ళే!" అంతోనమ్మ కొంగులో కాయలు జారిపోయాయి. "చూడు బాబూ, ఆవిడ ఒంటరిది కాదు. మొగుడున్నాడు. పొద్దున సామాను దింపేటప్పుడు మా గోడవతల గొంతు విన్నాను. మంచం తలుపులో ఇరుక్కుందని ఇల్లు పీకి పందిరేశాడు. మహా కోపిష్టి."

"అంత కోపిష్టేం కాదండీ" అన్నాడు ప్రేమ్ కిరణ్ రోషంగా.

"అంటే ఆయన కూడా తెలుసా నీకు?"

"కొద్దిగా."

అంతోనమ్మ అతని చెయ్యి పట్టుకుంది. మామిడికాయలు కోసి కోసి బిగిసిన చెయ్యి ఆవిడది.

"పద. ఆయన ముందే తేల్చుకుందాం."

విడిపించుకుని పారిపోవచ్చు. కానీ ఆవిడ లాక్కెళుతున్నది తను ఇంతసేపూ వెతుకుతున్న చోటికే. ప్రేమ్ కిరణ్ బుద్ధిగా వెంట నడిచాడు. వాళ్ళ వెనకాల కాశ్మీరు వదిలేసిన కుర్రాళ్ళు. ఆ వెనకాల టీ కొట్టు వదిలేసిన దేవానందం.

ఇల్లు ఎక్కడో లేదు. అంతోనమ్మ గోడను ఆనుకునే ఉంది. ప్రేమ్ కిరణ్ మూడుసార్లు దాటిపోయిన గేటే. దాని మీద ఆకు కూడా మిగలని తీగ. పక్కన, సున్నం కింద సగం మునిగిపోయిన నంబరు పలక.

అంతోనమ్మ గేటు బాదింది. తలకు బిగించి గుడ్డ కట్టుకున్న గ్లోరి తలుపు తీసింది. గుంపును చూసింది. ప్రేమ్ కిరణ్‌ని చూసింది. అతను వడగళ్ళు లెక్కపెడుతున్నట్టు నేలకేసి చూస్తున్నాడు.

"టీచరమ్మా, వీడెవడో బిళ్ళలంటాడు, పన్నెండేళ్ళంటాడు! నువ్వేం భయపడకు. ముందు మీ ఆయన్ని పిలు. వీడి సంగతి ఆయనే చూసుకుంటాడు."

అంతోనమ్మ బిగించి పట్టుకున్న ఆ చేతిని చూసింది గ్లోరి.

"పిలవక్కర్లేదండీ, మా ఆయన్ని మీరే పట్టుకొచ్చారు" అంది.