కుడిచెయ్యి

“అయ్యగారూ, నిజంగనే నరుకుమన్నట్టేనా?”

కట్టమ్మ గొంతు విని అందరూ వెనక్కి తిరిగారు. రెండేళ్లుగా కాశిబుగ్గ సంఘానికి వస్తోంది కానీ, కూడికలో ఒక్కసారి కూడా నోరు విప్పిన మనిషి కాదు. చేపలు కోసి అమ్ముతుంది. గురువారం పొద్దున జరిగే బైబిల్ స్టడీకి మాత్రం బేరం వదులుకుని వచ్చి ఆడవాళ్ల వరసలో చివర కూర్చుంటుంది.

ఆ రోజు కొండమీది ప్రసంగం చదువుతున్నారు. కుడిచెయ్యి పాపం చేయిస్తే దాన్ని నరికి పారేయాలన్న చోట ఆగారు.

“కాదమ్మా,” అన్నాడు పాస్టర్ సదానందం. “అది పోలిక. పాపానికి దారి తీసేదాన్ని దూరం పెట్టుమని దాని భావం.”

సంఘపెద్ద రాంచందర్ ముందు వరసలోంచి లేచాడు. రిటైరైన తెలుగు సారు.

“పోలిక అని అక్కడ రాసున్నదా అయ్యగారూ? ఇయ్యాల ఒక్క మాట వదులు చేస్తే, రేపు పది ఆజ్ఞలు కూడ పోలికలే అంటరు. వాక్యం వాక్యమే. రాసింది రాసినట్టే.”

“మరి మీ రెండు చేతులు ఇంక ఎట్ల మిగిలినయి సారూ?” అన్నారెవరో. అంతా నవ్వారు. కట్టమ్మ నవ్వలేదు.

“చెయ్యి పోతే మనిషి బతుకుతడా సారూ?”

“రెండు చేతులతోటి నరకానికి పోయేకన్న, ఒక్క చేత్తోటి పరలోకానికి పోవుడు నయం కదమ్మా.”

“అంటే ఆ మనిషికి మేలు జేసినట్టే.”

“మేలే.”

సదానందం కల్పించుకున్నాడు. “తప్పు చేసేది చెయ్యి కాదు కట్టమ్మా, మనసు.”

“మనసును ఎట్ల నరుకుతరయ్యగారూ?”

సదానందం గడియారం చూశాడు. టైమయిందని ప్రార్థన చేసి కూడిక ముగించాడు.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ భార్య సుగుణ అంది. “కట్టమ్మ రెండు నెలల సంది ప్రభువు బల్ల కాడ రొట్టె తీసుకుంటలేదు, చూసిన్రా? ఎందుకే అంటే, ‘నా మనసుల పాపమున్నదమ్మా’ అన్నది. ఈ ఎండల్ల మణికట్ల దాక వచ్చే జాకెట్ ఎవలేస్కుంటరు? మొన్న జర చెయ్యి పట్టుకుంటే గుంజుకున్నది.”

సదానందం కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలేశాడు. కొత్తగా పాస్టరైనప్పుడు పరకాలలో ఒకసారి ఉపవాసం మీద ప్రసంగం చేశాడు. అది విన్న ఒకాయన మంచినీళ్లు కూడా మానేశాడు. ఆరో రోజు దవాఖానకు మోసుకుపోతుంటే ఆయన చూసిన చూపు ఇప్పటికీ వదలలేదు. నేను చెప్పింది ఒకటి, వాళ్లు విన్నది ఒకటి. ఆ మధ్యలో ఎన్ని ప్రాణాలు పోతాయో ఎవరికి తెలుసు?

సాయంత్రమే వెళ్లి మాట్లాడదామనుకున్నాడు. ఏమని అడగాలో తెలియక ఆగిపోయాడు.

మర్నాడు పదకొండింటికి ఫోన్ మోగింది. మార్కెట్లో కట్టమ్మ పక్కన చేపలమ్మే రమ.

“అయ్యగారూ, కట్టమ్మ ఇయ్యాల బేరానికి రాలే. నిన్న మీ కూడిక కాంచి వచ్చుడు వచ్చుడే కత్తిపీటకు సాన పట్టిచ్చింది. మెడికల్ షాపుల దూది, బ్యాండేజీ కట్టలు కొన్నది. ఎందుకే అంటే, ‘నెత్తురు ఎక్కువ పోవద్దు గద’ అన్నది. నాకు బుగులైతాంది అయ్యగారూ!”

సదానందం చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోలేదు. దారిలో రాంచందర్‌ను బండి ఎక్కించుకున్నాడు. విషయం వినగానే పెద్దాయన మొహం పాలిపోయింది.

“నేను వాదన కోసం అన్న అయ్యగారూ. ఎవలన్న నిజంగ చేస్తరా?”

“రాసింది రాసినట్టే అన్నరు కద సారూ.”

 “జర జల్ది పోనియ్యున్రి,” అన్నాడు రాంచందర్.

కట్టమ్మ ఇంటి తలుపు మూసి ఉంది. కొట్టారు. పలుకు లేదు. చెవి ఆనిస్తే, లోపల ఇనుము నేలమీద గీసుకుంటున్న చప్పుడు.

“కట్టమ్మా! తలుపు తియ్యమ్మా! నీకు దండం పెడత!”

చప్పుడు ఆగింది.  గడియ తీసిన శబ్దం. తలుపు జానెడు తెరుచుకుంది.

“మెల్లగ అయ్యగారూ,” గుసగుసగా అంది కట్టమ్మ. “మా ఆయన లేస్తడు.”

ఆమె భర్త యాకయ్య పత్తి మిల్లులో రాత్రి వాచ్‌మన్. పగలంతా పడుకుంటాడు. లోపల మంచం మీద గురకపెడుతున్నాడు. మంచం పక్కన కత్తిపీట. దాని పక్కన విప్పి పరిచిన దూది.

సదానందం ముందు ఆమె చేతులు చూశాడు. రెండూ ఉన్నాయి. కళ్లనీళ్లు ఆగలేదు. తలుపు సందులోంచే ఆమె కుడిచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. జాకెట్ చెయ్యి పైకి జరిగింది. మణికట్టు నుంచి మోచేతి దాకా నల్లగా, నీలంగా కమిలిన మచ్చలు.

“ఏందమ్మా ఇది? నిన్ను నువ్వే కొట్టుకుంటున్నవా తల్లీ?”

రాంచందర్ గడప ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. “తప్పు నాది బిడ్డా. అయ్యగారు చెప్పిందే నిజం. అది పోలికే. నా మాట ఇనకు.”

“నువ్వు ఏ పాపం చేసినా దేవుడు క్షమిస్తడు,” అన్నాడు సదానందం. “నీ చెయ్యి నరుక్కోమని ఆయన ఎన్నడూ అడగడు కట్టమ్మా.”

కట్టమ్మ ఇద్దరినీ అర్థం కానట్టు మార్చి మార్చి చూసింది.

“నాది కాదయ్యగారూ, మా ఆయనది.”