ఖర్జూరపు మట్టల దడి

"మీ సముద్రం దస్తావేజు మా రికార్డుల ఆఫీసుకిచ్చెయ్యండి తాతా. అద్దాల పెట్టెలో భద్రంగా ఉంటుంది," అంది ట్యూనిస్ నుంచి మా కెర్కెన్నా దీవికొచ్చిన నజ్లా.

"అద్దాల పెట్టె పోయినోళ్లకమ్మా. నేనింకా బతికే ఉన్నా. మా ఆవిడనడుగు, ఏడుస్తూ చెబుతుంది."

"చేపలు పట్టడానికి మీరు సముద్రంలో నాటిన ఖర్జూరపు మట్టల దడిని మరపడవలు పీకేశాయిగా. ఇంకెందుకా కాగితం?"

"ఆ నీళ్లు మా తాతలవని చెప్పడానికి. ఇవ్వను, పో!"

ఆమె వెళ్లగానే మా ఆవిడ మబ్రూకా తలుపేసింది.

"దాన్ని ఎలకలు తినేసి ఏళ్లయింది. లేని కాగితానికి ఇంత పౌరుషమా? రేపు మరపడవలోళ్లకి ఏం చూపిస్తావయ్యా?"

గోడకున్న కత్తి తీశాను.

"దడి చూపిస్తా. మట్టలు కొట్టుకొస్తాను, నువ్వు తాడు పేను."