చల్లగా ఉన్న చక్రం

“వాలు దిగే ముందు బండి ఆపి, ట్రైలరు చక్రాలు చూసుకోండమ్మా,” అన్నాడు బెంచీకి అవతలి చివర కూర్చున్న చారల చొక్కా మనిషి.

కలప డిపో గేటు దగ్గర పిలుపు కోసం ఎదురుచూస్తున్న ఆమె తల తిప్పలేదు.

ట్రైలరు లాగే బండికి డ్రైవరు కావాలన్నారు. ఉద్యోగం ఒక్కటే.

చూపు మందగించి భర్త లారీ దిగినప్పటి నుంచి ఇంట్లో సంపాదన లేదు. నడపడం ఆయన దగ్గరే నేర్చుకుంది. ఇంతకుముందు వెళ్లిన చోట్ల తాళంచెవి కూడా చేతికివ్వకుండా పంపేశారు. ఆ మొండితనమేదో కుట్టుమిషను మీద చూపించమని ఆడపడుచు పొద్దున కూడా దెప్పింది.

“వెనక నుంచి తొయ్యడంలో ట్రైలరును మించింది లేదు,” అన్నాడతను మళ్లీ.

“మా ఆడపడుచుని మీరు చూడలేదు.”

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆడమనిషి కదా, నాలుగు మాటలతో బెదరగొడితే లేచిపోతుందని డిపోవాళ్లే ఇతన్ని కూర్చోబెట్టి ఉంటారనుకుంది.

“అరచెయ్యి వెయ్యకండి, కాలుతుంది. చెయ్యి వెనకవైపు దగ్గరగా పెడితే వేడి తెలుస్తుంది.”

“మీ పని మీరు చూసుకోండి.”

అంతలో లోపలి నుంచి పిలిచారు.

సూపర్‌వైజరు పక్క సీట్లో కూర్చున్నాడు. దుంగలు నింపిన ట్రైలరుతో యార్డంతా తిరుగుతూ, అక్కడక్కడా బ్రేకు వేసి చూపించి, చివర్లో వాలు దించమన్నాడు.

మొదటి మలుపులో బ్రేకు తొక్కగానే ట్రైలరు ఒక పక్కకు లాగింది. మళ్లీ తొక్కితే బండిని వెనక నుంచి నెట్టింది.

వాలు మొదట్లో ఆమె ఆపేసింది. భయమేస్తోందా అని అడిగాడు సూపర్‌వైజరు.

“వేస్తోంది. అందుకే ఆపాను.”

దిగి, చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టింది. ఎడమ చక్రం దగ్గర చెయ్యి తిప్పి పెట్టింది. సెగ కొట్టింది. కుడి చక్రం దగ్గర పెట్టింది.

చల్లగా ఉంది. ఆ పక్క బ్రేకు పట్టడమే లేదు.

బ్రేకులకు కరెంటు తీసుకెళ్లే తీగను తడుముకుంటూ ట్రైలరు కిందికి పాకింది. ఇరుసు పక్కన తీగ ఊడి వేలాడుతోంది. బిగించింది. దుమ్మయినా దులుపుకోకుండా స్టీరింగు ముందు కూర్చుని, యార్డులో ఇంకో చుట్టు తిప్పి బ్రేకు తొక్కింది. ట్రైలరు తిన్నగా ఆగింది.

అప్పుడు వాలు దింపింది.

తీగ ఊడదీసింది తనేనని, పరీక్ష అదేనని సూపర్‌వైజరు చెప్పాడు. రేపటి నుంచి పనిలోకి రమ్మన్నాడు.

ఆమె దాదాపు పరుగెత్తుతూ గేటు దగ్గరికి వచ్చింది. ఆ మనిషితో ఒక మాట చెప్పాలి.

బెంచీ ఖాళీగా ఉంది. వాలు దగ్గర ఆమె దిగి చక్రం పక్కన చెయ్యి పెట్టడం ఇక్కడి నుంచే చూశాడని, చూడగానే లేచి వెళ్లిపోయాడని చెప్పాడు కాపలా మనిషి.

“ఈ బెంచీ మీద కూర్చున్న మీ మెకానిక్కు ఇల్లెక్కడండీ?” అని వెనకే వచ్చిన సూపర్‌వైజరును అడిగింది.

“చారల చొక్కా ఆయనా? మెకానిక్కు కాదమ్మా. మీకంటే ముందు పరీక్షకొచ్చాడు. చల్లగా ఉన్న చక్రాన్ని పట్టుకున్నాడు గానీ, తీగ దాకా పోలేకపోయాడు,” అన్నాడు సూపర్‌వైజరు. “మీరు ఆ చక్రాన్ని కూడా కనిపెట్టలేకపోతే ఉద్యోగం ఆయనదేనని చెప్పి, ఈ బెంచీ మీద నేనే కూర్చోమన్నాను.”