మీ జంట చూపించిన ఆదాయం

"ఈ ఆటలోనైనా నిజం చెప్పు డారెల్. పోయేదేమీ లేదు కదా" అంది లోర్నా, యూనివర్సిటీ ప్రయోగశాల గుమ్మంలో కోటు విప్పుతూ.

"మొదలెట్టావూ! రమ్మన్నావు, వచ్చాను. ఇంకేం కావాలి నీకు?" డారెల్ బూట్లకంటిన మంచు నేలమీదే దులిపాడు.

ఆమెకు కావలసింది ఒక్కటే. ఈ మనిషిని ఇంకా నమ్మవచ్చా? ఓవర్‌టైం డబ్బు చెప్పకుండా దాచి కేసినోలో తగలేశాడు. సాయంత్రం అక్క పెగ్గీ వ్యాను తీసుకొస్తానంది. లోర్నా సర్దుకున్న పెట్టెలు మంచం కింద ఉన్నాయి. ఆ సంగతి డారెల్‌కు తెలియదు.

టోబియాస్ అనే పరిశోధక విద్యార్థి మగవాళ్లను ఒక గదిలో, ఆడవాళ్లను ఇంకో గదిలో కూర్చోబెట్టాడు. ఆట వివరించాడు.

"తెరమీద లెక్కలు చేసి సంపాదించుకోండి. ఎంత వచ్చిందో మీరే చెప్పాలి. చెప్పినదాంట్లో సగం పన్ను. దానికి మేం కొంత కలిపి భార్యాభర్తలకు సమానంగా పంచుతాం. దాచుకున్నది దాచుకున్నవాళ్లదే. తనిఖీలో దొరికితే మాత్రం జరిమానా."

"మా ఆయన దాస్తే నాకు తెలుస్తుందా?" అంది లోర్నా.

"ప్రతి విడతకూ మీ జంట, అంటే మీతో కలిసి ఆడేవారు, సంపాదించింది ఎంతో, చూపించింది ఎంతో తెరమీద వస్తుంది మేడమ్."

పక్క కుర్చీలో పెద్దావిడ కిసుక్కున నవ్వింది. "ఈ యంత్రం నా పెళ్లినాటికే ఉండుంటే చర్చి మెట్లెక్కేదాన్ని కాదు!"

మొదటి విడతలో లోర్నా తన సంపాదనలో సగం దాచుకుంది. దాచుకోకపోతే తనే వెర్రిదవుతుంది. తెరమీద వచ్చింది: 'మీ జంట మొత్తం ఆదాయం చూపించారు.'

తనిఖీకి భయపడి ఉంటాడు, అనుకుంది. రెండో విడతలోనూ అంతే. మొత్తం చూపించాడు.

"ఈసారి తనిఖీ లేదు" అని ప్రకటించాడు టోబియాస్.

ఇప్పుడు బయటపడుతుంది అసలు బుద్ధి! లోర్నా తెరకేసి చూసింది.

'మీ జంట మొత్తం ఆదాయం చూపించారు.'

దాచింది తను. తనొక్కతే. ఆ తర్వాత ఆమె ఒక్క సెంటు కూడా దాచలేదు.

ఆట ముగియగానే నడవలోకి వెళ్లి ఫోన్ చేసింది.

"పెగ్గీ, సాయంత్రం రావద్దు."

"మళ్లీనా! ఈసారేం కట్టుకథ చెప్పాడు?"

"ఏమీ చెప్పలేదు. నేనే కళ్లారా చూశాను. ఎవరూ పట్టుకోరని తెలిసి కూడా నా దగ్గర దాచలేదు."

"చూడు లోర్నా, మా పైగది కోసం ఒకమ్మాయి తిరుగుతోంది. నువ్వు రానంటే ఇవాళే ఇచ్చేస్తాను. తర్వాత నాకు ఫోన్ చేసి ఏడవకు."

"ఇచ్చెయ్."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. లోర్నా కళ్లు తుడుచుకుని, డబ్బులిచ్చే బల్ల దగ్గరకు వచ్చింది. ఇంటికెళ్లగానే పెట్టెలు విప్పేయాలి. డారెల్ చూడకముందే.

"మా ఆయన ఇంకా లోపలే ఉన్నాడా బాబూ? ఇవాళ ఆయనకిష్టమైన మాంసం ఓవెన్‌లో పెట్టాలి."

టోబియాస్ తికమకగా చూశాడు. "మొదలుపెట్టే ముందే మీ తెరమీద చెప్పాం కదా మేడమ్. మీరు 'సరే' నొక్కారు కూడా. ఇక్కడ ఎవరికీ అబద్ధం చెప్పకూడదని మాకు గట్టి నియమం."

"ఏం చెప్పారు?"

"వచ్చినందుకిచ్చే ఇరవై డాలర్లు జేబులో వేసుకుని ఆయన ముందే వెళ్లిపోయారు మేడమ్. మీ జంటగా ఆడింది కంప్యూటరు."