ఫ్యూజు చోట తీగ

"ఏం నొక్కారో ఏమో, మోటారును నడిపే సర్వో డ్రైవు కాస్తా కాల్చిపెట్టారు," బావను దులిపేస్తోంది అక్క.

బావ మెయిన్ ఆపేసి కటింగ్ మిషను ప్యానెలు తెరిచాడు. మాడు వాసన గుప్పుమంది.

టెస్టరు పట్టుకుని పక్కనే ఉన్న ఎలక్ట్రీషియన్ తమ్ముడు ఒకడుగు వెనక్కి వేశాడు. పవర్ సప్లైలో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని, కారణం వెతికే ఓపిక లేక, దాని చోట రాగితీగ చుట్టింది తనే.

బావ ఆ తీగను చూశాడు. తమ్ముడి మొహం చూశాడు. మెల్లగా తీగ ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"ఏంటది?" అంది అక్క.

"ఏంలేదు. నేనే ఏదో నొక్కేసుంటాను."

"మా తమ్ముడికున్న జాగ్రత్తలో సగమన్నా ఉండొద్దూ మీకు?"

తమ్ముడు పనిముట్ల సంచిలోకి తల వంచి, చేతిలో ఉన్న టెస్టరు కోసమే వెతకసాగాడు.