అవతలి ఆటగాడు

ఇచ్చిన అక్షరాలున్న మాటలు వెతికే ఆట అది. రేపే విడుదల. ఎదుటి ఆటగాడిలా ఆడే ప్రోగ్రామును ఆపేసి, టెస్టర్ పిల్ల రాత్రిపూట ఒంటరిగా పరీక్షిస్తోంది. పక్కగదిలో జ్వరంతో ఉన్న అక్క తప్ప ఇంట్లో ఎవరూ లేరు.

అక్షరాలొచ్చాయి: త, ల.

తను ఇంకా మీట నొక్కనేలేదు. అవతలి వైపు 'తలుపు' అని పడింది. పక్కగది తలుపు కిర్రుమంది.

"అక్కా, నా ఆటలో దూరావా?"

"నీ మొహం! నా ఫోన్ నీ దగ్గరేగా చార్జింగులో ఉంది."

నిజమే, బల్ల మీదే ఉంది.

'తలగడ'.

"ఏయ్, తలగడ లాగుతావేంటే? ఒంట్లో బాలేదంటే వేళాకోళమా?"

లేవబోయింది. కుర్చీ వదిలేలోపే అవతలి వైపు మరో మాట పడింది.

'చేతులు'.

"అబ్బ, ఎంత చల్లగా ఉన్నాయే నీ చేతులు! నుదుటి మీదే ఉంచు, హాయిగా ఉంది."